కొత్త క్యాంపర్‌వ్యాన్ పాప్‌టాప్ (గుడ్డ గోడలతో పైకెత్తే రూఫ్) కారుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: యూకేలో ఉంటాం, లోపలే పడుకునే వీలున్న ఈ వ్యాన్ కొని నెల కూడా కాలేదు. వేల్స్‌లో రాత్రంతా వాన, పొద్దున చూస్తే పై పరుపు ఒక మూల తడిసి ముద్దయింది, గుడ్డ కుట్టు వెంట చుక్కలు వరసగా వేలాడుతున్నాయి. డీలరేమో ఊపిరి చెమ్మే అంటున్నారు. పిల్లలు పడుకునే చోటు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెమ్మయితే ఒక్క మూలే అంతగా తడవదండీ. రూఫ్ దించి పైపుతో నీళ్లు కొట్టండి. అప్పుడూ కారితే రబ్బరు సీలును, ఎత్తినప్పుడే కారితే గుడ్డ కుట్టును అనుమానించాలి. వీడియో తీయండి. సిలికాన్ మాత్రం మీరు పూయకండి, వారంటీకి అడ్డం చెబుతారు.

జవాబు: 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం 30 రోజుల్లోపు వెనక్కిచ్చి డబ్బు అడగొచ్చు. దాటితే రిపేరుకు ఒక అవకాశం ఇవ్వాలి. ఫోన్ కాదు, మెయిలే పెట్టండి, ఇవాళే.

అడిగినవారు: దించినా కారుతోందండీ! వీడియోతో మెయిల్ పెట్టేశాను.