అడిసన్, మయస్థీనియా రెండూ ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నీరసం దేనిదో ఎలా పోల్చుకుంటున్నారు?

పర్లాకిమిడి కుట్టుమిషన్:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బయట సగం తెలుగు సగం ఒడియా. వయసు 41. బ్లౌజులు కుడతాను.

నాకు 2018లో అడిసన్ జబ్బు అని తేలింది. మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను తయారుచెయ్యడం మానేశాయి. అంతకుముందు ఏడాదిపాటు చిక్కిపోతూ, నల్లబడుతూ వచ్చాను. అరచేతి గీతలు బొగ్గుతో గీసినట్టు అయ్యాయి, చిగుళ్లు కూడా నల్లబడ్డాయి. ఎండలో వడియాలు పెట్టడం మానెయ్యమని మా అత్తగారు అన్నారు. ఎండ అరచేతి గీతల్లోకి ఎలా వెళ్తుందని మేమెవరం ఆలోచించలేదు. ఆవకాయ జాడీ అడుగున మిగిలిన ఊట చెంచాతో తాగేదాన్ని. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా కల్లుప్పు నోట్లో వేసుకునేదాన్ని. చివరికి ఒక పెళ్లిలో వాంతులై పడిపోతే బరంపురం తీసుకెళ్లారు. సోడియం బాగా తక్కువ, పొటాషియం ఎక్కువ, పొద్దుటి కార్టిసాల్ దాదాపు లేనట్టే. కార్టిసాల్‌కి బదులు వేసుకునే స్టెరాయిడ్ మాత్ర హైడ్రోకార్టిసోన్, ఒంట్లో ఉప్పు నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాక పది రోజుల్లో మళ్లీ మనిషినయ్యాను.

రెండోది 2022లో మొదలైంది. దసరా ఆర్డర్ల సమయం. సాయంత్రం నాలుగు దాటితే సూదిలో దారం ఎక్కేది కాదు, బెజ్జం రెండుగా కనిపించేది. ఒక కన్ను మూస్తే ఒకటే బెజ్జం, దారం ఎక్కేది. అలా ఒక కన్ను మూసుకునే నెలన్నర కుట్టాను. ఎడమ రెప్ప వాలిపోయేది. నమిలి నమిలి దవడ అలిసిపోయి ఆఖరి ముద్దలు కంచంలో వదిలేసేదాన్ని. చూపించుకుంటే "మీకు అడిసన్ ఉంది కదమ్మా, నీరసం దానిదే" అన్నారు. హైడ్రోకార్టిసోన్ డోసు రెండుసార్లు పెంచారు. ముఖం ఉబ్బింది గానీ రెప్ప లేవలేదు. ఎనిమిది నెలల తర్వాత విశాఖలో ఒక న్యూరాలజిస్టు ఐసు ముక్కలు చేతిగ్లౌజులో వేసి రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టారు. తీసి అద్దం చేతికిచ్చారు. రెప్ప లేచి ఉంది. రెండు కళ్లూ సమంగా చూసుకుని అక్కడే ఏడ్చేశాను. తర్వాత రక్తపరీక్షలో యాంటీబాడీలు కనిపించాయి. మయస్థీనియా గ్రావిస్, అంటే నరం పంపే కబురు కండరానికి సరిగా అందని జబ్బు.

ఆ ఎనిమిది నెలల గురించి నాకు ఇప్పటికీ బాధే. ఫైలు మీద ఒక పెద్ద జబ్బు పేరు కనిపిస్తే ఇక ఏం చెప్పినా దాని ఖాతాలోనే రాస్తారు.

ఇప్పుడు అసలు సమస్య చెప్తాను. మయస్థీనియాకి పిరిడోస్టిగ్మిన్ మాత్ర, 60 మిల్లీగ్రాములది, రోజుకు నాలుగుసార్లు వేసుకుంటాను. అది కడుపులో మెలిపెడుతుంది, ఒక్కోరోజు విరేచనాలు కూడా. మామూలు మనిషైతే మజ్జిగన్నం తిని ఊరుకుంటారు. అడిసన్ ఉన్నవాళ్లకి అలా కాదు. ఉప్పూ నీళ్లూ పోయి బీపీ పడిపోతుంది, మింగిన మాత్ర ఒంటికి పట్టదు. కడుపులో ఇన్‌ఫెక్షన్ అయితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు చెయ్యాలి, మాత్ర వల్ల అయితే అక్కర్లేదు. ఏది ఏదో నాకు తెలియదు. బాత్రూమ్ గోడకి ఆనుకుని, ఇది ఆ మందు తెచ్చిందా, ఈ జబ్బు తెచ్చిందా అని లెక్కలేసుకుంటూ ఉంటాను.

సాయంత్రం నీరసం కూడా అంతే. చేతులు బరువెక్కుతాయి. మయస్థీనియా మాత్ర దిగిపోయిందా, కార్టిసాల్ తగ్గిందా?

ఇంకో సంగతి. మయస్థీనియాకి ప్రెడ్నిసొలోన్ అనే ఇంకో స్టెరాయిడ్ పెద్ద డోసులో ఇచ్చినప్పుడు హైడ్రోకార్టిసోన్ ఆపారు, ఆ పని కూడా అదే చేస్తుంది కాబట్టి. కిందటేడు దాన్ని తగ్గించడానికి ఒక ఆస్పత్రిలో చీటీ రాశారు. పై నుంచి కిందకి మిల్లీగ్రాముల్లో 30, 25, 20, 15, 10, 5. ఆఖరి వరసలో 0. మయస్థీనియా ఒక్కటే ఉన్నవాళ్లకి ఆ సున్నా చెల్లుతుందేమో. నాకు అది ప్రాణం మీదకి తెచ్చేది. 5 దగ్గర ఆగి బరంపురం డాక్టరుగారికి ఫోన్ చేశాను. "ఆ సున్నా కొట్టేసి, పక్కన హైడ్రోకార్టిసోన్ అని రాసుకో తల్లీ" అన్నారు. ఆ చీటీ ఇప్పటికీ దాచుకున్నాను.

రెండు జబ్బులూ తెలిసిన డాక్టరు మాకు దగ్గర్లో లేరు. ఒకరు బరంపురంలో, ఒకరు విశాఖలో. ఇంట్లో ఉన్నప్పుడు మీరు ఎలా తేల్చుకుంటున్నారు? మా వైపు వానాకాలం వస్తే మలేరియా భయం ఒకటి. క్లోరోక్విన్ మయస్థీనియాకి మంచిది కాదని చదివాను. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

గుణుపురం మాస్టారు:

చెల్లీ, మా ఆవిడకి పన్నెండేళ్లుగా మయస్థీనియా. అడిసన్ లేదు కాబట్టి సగం ప్రశ్నకే జవాబు చెప్పగలను.

మయస్థీనియా నీరసం ఒళ్లంతా ఒకేలా ఉండదు. రెప్ప, దవడ, మెడ, పైకెత్తిన చేతులు, గొంతు. పని చేసేకొద్దీ పెరుగుతుంది, కాసేపు ఆగితే తగ్గుతుంది. మా ఇంట్లో పరీక్ష ఏమిటంటే తల కదపకుండా సీలింగ్ ఫ్యాను వంక ఒక నిమిషం చూడమంటాను. రెప్పలు జారితే అదే. ఫోన్లో మాట్లాడుతుంటే మాట ముక్కులోకి వెళ్లినా నాకు తెలిసిపోతుంది. మాత్ర ఎన్నింటికి వేసుకుందో, చేతులు ఎన్నింటికి దిగాయో నోటుబుక్కులో రాస్తాం. వేసిన మూడు నాలుగు గంటలకే నీరసం వస్తుంటే అది మాత్ర దిగిన నీరసం.

అన్నం మెత్తగా వండి, మాత్ర వేసుకున్న అరగంటకి పెడతాను. విశాఖ రైలెక్కితే మాత్రలు సంచిలో పెట్టనివ్వను, పర్సులో చేతిలోనే ఉండాలి. ఒకసారి సంచి పై బెర్తు మీద ఉండి, చేతులెత్తి దింపుకోలేక నౌపడ దాకా అలాగే కూర్చుంది.

రిటైర్డ్ సిస్టర్, పాతపట్నం:

అమ్మా, ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు చేశాను. మీ డాక్టర్లు చెప్పిందే ఆఖరు మాట, ఇవి మాత్రం వాళ్లని అడిగి రాయించుకోండి.

మొదట బీపీ మిషన్ కొనుక్కోండి. కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి చూడండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గి, కళ్లు తిరిగి, వికారంగా ఉండి, ఉప్పు మీదకి మనసు పోతుంటే అడిసన్ వైపు అనుమానించాలి. బీపీ నిలకడగా ఉండి రెప్పలు వాలుతుంటే మాస్టారు చెప్పిందే.

రెండోది, గట్టిగా ఊపిరి పీల్చి ఆ ఒక్క ఊపిరితో పైకి అంకెలు లెక్కపెట్టండి. బాగున్న రోజున ఎంతవరకు వస్తుందో రాసిపెట్టుకోండి. ఎప్పుడైనా 20 దాటకపోతే, మింగుడు పడకపోతే, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటిలేటర్ ఉన్న పెద్దాస్పత్రికి వెళ్లిపోవాలి.

ఇది అన్నిటికన్నా ముఖ్యం. జ్వరమో వాంతులో వచ్చి ఏదో తేల్చుకోలేకపోతే మీ డాక్టరు చెప్పిన అదనపు హైడ్రోకార్టిసోన్ వేసేసుకోండి. ఒకటి రెండు రోజులు ఎక్కువైతే పెద్ద నష్టం లేదు, తక్కువైతే మనిషి దక్కడు. పిరిడోస్టిగ్మిన్ మాత్రం సొంతంగా పెంచకండి. అది ఎక్కువైనా కండరాలు నీరసపడతాయి, అప్పుడు జబ్బుదా మందుదా అన్నది మాకే తెలియదు. మాత్ర నిలవనంత వాంతులైతే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ కావాలి. ఆ వయల్, సిరంజీ ఇంట్లో ఉంచుకుని మీ ఆయన్ని చెయ్యడం నేర్చుకోమనండి.

మలేరియా సంగతి మీరు చదివింది నిజమే. క్లోరోక్విన్, క్వినైన్ రెండూ మయస్థీనియాని రేపుతాయి. జెంటామైసిన్, అమికాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, నరానికి ఎక్కించే మెగ్నీషియం కూడా ఆ జాబితాలోవే. మలేరియాకి ఆర్టెమిసినిన్ రకం మందులు కూడా ఉన్నాయి. మీకు ఏది ఇవ్వాలో వానలు పడకముందే న్యూరాలజిస్టు చేత కాగితం మీద రాయించండి. జ్వరం వచ్చాక రాత్రి పన్నెండింటికి డ్యూటీ డాక్టరుకి ఇదంతా వివరించే ఓపిక మీకు ఉండదు.

రాయగడ వెంకట్:

అక్కా, నాకు అడిసన్ ఒక్కటే. వేసవిలో నేను తరవాణిలో ఉప్పు కాస్త ఎక్కువే వేసుకుని తాగుతాను, మా డాక్టరు ఒప్పుకున్నారు. ఫ్లూడ్రోకార్టిసోన్ మా ఊళ్లో దొరకదు, రెండు నెలలకి సరిపడా ఒకేసారి తెప్పించుకుంటాను. ఇంకో మాట. ఆ మందు ఎక్కువైతే పొటాషియం తగ్గి కండరాలు నీరసపడతాయని మా డాక్టరు చెప్పారు. మీకు మయస్థీనియా కూడా ఉంది కాబట్టి పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించారో చూసుకోండి.

పర్లాకిమిడి కుట్టుమిషన్:

సిస్టర్ గారూ, మీ జవాబు మా ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. బీపీ మిషన్ కొన్నాం. నిన్న సాయంత్రం చేతులు బరువెక్కితే వరసగా అన్నీ చేశాం. ఫ్యాను వంక నిమిషం చూశాను, రెప్పలు నిలబడ్డాయి. ఒక్క ఊపిరితో 34 దాకా వచ్చింది, మా ఆయన పక్కన ఒడియాలో లెక్కపెట్టారు. బీపీ కూర్చుంటే 112, నిలబడితే 90. మధ్యాహ్నం ఎండలో గుడ్డలు తేవడానికి బజారుకెళ్లి, రెండింటికి వేసుకోవాల్సిన హైడ్రోకార్టిసోన్ మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. వేసుకుని, ఉప్పేసిన గంజి తాగి పడుకున్నాను. గంటకి లేచి రెండు జాకెట్లకి హుక్స్ కుట్టాను. నీరసం దేనిదో తెలిసి మందు వేసుకోవడం నాకు ఇదే మొదటిసారి.

మాస్టారూ, నోటుబుక్కు మొదలుపెట్టాను. వెంకట్, పొటాషియం చూసి ఏడు నెలలైంది, సోమవారం ఇస్తాను.

కార్డు కూడా రాశాను. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లో. పైన రెండు జబ్బుల పేర్లు, కింద "స్టెరాయిడ్ ఆపకూడదు", దాని కింద ఇవ్వకూడని మందులు. ఒడియా మా పాప రాసింది. లామినేషన్ చేయించి ఒకటి కుట్టుమిషన్ సొరుగులో, ఒకటి పర్సులో, ఒకటి మా ఆయన ఫోను కవరులో పెట్టాం. మలేరియా మందు గడి ఖాళీగా వదిలాను, విశాఖ వెళ్లి రాయించాలి.

సిస్టర్ గారూ, ఒక్కటి మిగిలింది. ఆ ఇంజెక్షన్ తొడకి చెయ్యాలా, చేతికా? మా ఆయనకి సూదంటే భయం, అయినా నేర్చుకుంటానన్నారు. పాతపట్నం మాకు పక్కనే కదా. మీకు వీలైతే ఒక ఆదివారం ఇద్దరం వస్తాం.