23 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక్క టీచరు: మీ దగ్గర ఎలా సర్దుకుంటున్నారు?

కొండబడి_ఎస్జీటీ:
మన్యంలో ప్రాథమిక పాఠశాల. రోల్ 23. ఒకటి నుంచి ఐదు దాకా నేనొక్కడినే, ఉన్నదీ ఒకటే గది. బోర్డు మీద సుద్దతో రెండు నిలువు గీతలు గీసి, ఒక పక్క చిన్నవాళ్లకు గుణింతాలు, మధ్యలో మూడో తరగతికి కూడికలు, ఇంకో పక్క పెద్దవాళ్లకు భాగహారం రాస్తాను. శేషం దాకా వచ్చేసరికి ఇటు ఎవడో ఎవడి పలకో పగలగొడతాడు. ఇక ఆ లెక్క ఆ రోజుకి అంతే. మధ్యలో ఫోన్‌లో హాజరు, గుడ్ల లెక్క, ఫొటోలు. నాకు జ్వరమొస్తే స్కూల్ కాంప్లెక్స్ నుంచి, అంటే చుట్టుపక్కల బడుల నుంచి, ఎవరినైనా పంపాలి. పంపకపోతే వంట అక్కే పిల్లల్ని కూర్చోబెడుతుంది.

మొన్న మీటింగులో ఒకాయన "మీ బడిలో 23 మందికి ఒక టీచరు, భేషుగ్గా ఉంది" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలాంటివాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

లెక్కల_సార్:
మీది ఒక కొస, నాది ఇంకో కొస. హైస్కూల్‌లో ఎనిమిదో తరగతి, ఒకే సెక్షన్, 58 మంది. ముగ్గురు పట్టే బెంచీలో ఐదుగురు. మధ్యలో వాడు రాయాలంటే పక్కవాడు మోచేయి దించాలి. నేను చెప్పే తరగతులన్నీ కలిపి 170 మంది. పరీక్ష పెట్టి పేపరుకి మూడు నిమిషాల చొప్పున దిద్దినా ఎనిమిదిన్నర గంటలు. ఆదివారం మొత్తం దానికే. ఎవడికి ఎన్ని మార్కులో తెలుస్తుంది కానీ, ఎక్కడ తప్పుతున్నాడో కూర్చోబెట్టి చూసే తీరికే ఉండదు.

రూల్స్_రాజు:
మీటింగులో ఆ మాట అన్నాయన షెడ్యూలు చదవలేదు. 2009 విద్యాహక్కు చట్టం పట్టిక ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90కి ముగ్గురు, 91 నుంచి 120కి నలుగురు, 200 దాకా ఐదుగురు. ఒక్కరితో నడిచే బడి అనే వరుసే అందులో లేదు. 6 నుంచి 8 తరగతులకు 35 మందికి ఒకరు. 9, 10 తరగతులు ఆ చట్టం కిందికి రావు, అక్కడ జీవోలదే రాజ్యం. కేంద్రం ఏటా బడుల నుంచి సేకరించే యూడైస్ లెక్కల్లో, 2024-25కి, దేశమంతా కలిపి ఏకోపాధ్యాయ బడులు లక్ష దాటాయి. అందులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, 12,912.

పాలమూరు_పంతులు:
మా కథ వినండి. తెలంగాణలో 2021లో వచ్చిన జీవో 25లో 19 మంది దాకా ఒక్కరు, 20 నుంచి ఇద్దరు అని ఉంది. మా బడిలో 21 మంది ఉండేవాళ్లు. దసరా అయిపోగానే ఒక కుటుంబం ముంబై పనికి పోయింది, వాళ్లతోపాటు ఇద్దరు పిల్లలూ పోయారు. 19. నెల తిరక్కుండానే నా తోటి మేడంను వర్క్ అడ్జస్ట్‌మెంట్ (తాత్కాలిక సర్దుబాటు) కింద వేరే ఊరికి పంపారు. సంక్రాంతికి ఆ పిల్లలు తిరిగొచ్చారు. మేడం మాత్రం రాలేదు! అప్పటినుంచి పిల్లల లెక్క తీసే తేదీ దగ్గర పడుతుంటే టెన్షన్. ఎండాకాలం సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బతిమాలి తెచ్చుకోవడం. పాఠం చెప్పడానికి కాదు, పోస్టు కాపాడుకోవడానికి.

2024 డీఎస్సీ తర్వాత ఒక కొత్త టీచరమ్మ వచ్చారు. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.

చిన్నారి_అమ్మ:
టీచర్ల మధ్య దూరుతున్నాను, ఏమనుకోకండి. 2022లో ఆంధ్రలో 3, 4, 5 తరగతుల్ని దగ్గరి హైస్కూల్‌కి కలిపే జీవో 117 వచ్చినప్పుడు మా పాప మూడో తరగతి. కిలోమీటరు లోపే కదా అని హైస్కూల్‌కి మార్చారు. కిలోమీటరు లోపే, నిజమే. మధ్యలో హైవే ఉంది, ఇసుక లారీలు ఆగవు. నేను పొద్దున్నే కూలికి వెళ్తాను, ఎవరు దాటిస్తారు? రెండు వారాలు మా అత్త తీసుకెళ్లింది. తర్వాత ఆటో పంపే ప్రైవేటు బడిలో వేశాం. 2025లో ఆ జీవో తీసేశారని విన్నాం. సంతోషమే. కానీ మా వీధిలో అప్పుడు వెళ్లిన పిల్లలు ఒక్కరూ వెనక్కి రాలేదు. రోల్ లేదు కాబట్టి టీచర్ని ఇవ్వరు, టీచరు లేరు కాబట్టి మేము పంపం.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. అయినా నా మాట కొందరికి రుచించదు. నేను పనిచేసిన చోట రెండు బడుల మధ్య దూరం మూడొందల మీటర్లు, మధ్యలో రోడ్డు కూడా లేదు. ఒకదాంట్లో 9 మంది, ఇంకోదాంట్లో 11. ఇద్దరు టీచర్లూ ఎవరి గదిలో వాళ్లు ఐదేసి తరగతులతో తంటాలు పడేవాళ్లు. కలిపితే తలా సగం పని. ఎవరూ ఒప్పుకోలేదు, టీచర్ల సంఘాలు కూడా. దూరం కొలిచేది మ్యాపు మీద కాదు, ఆరేళ్ల పిల్ల కాళ్లతో కొలవాలి. అలా కొలిచి కలిపితే నాకు అభ్యంతరం లేదు. 2025లో 60 మంది దాటిన మోడల్ ప్రైమరీ బడులకు తరగతికో టీచరు అన్నారు, నా సర్వీసంతా నేను అడిగింది అదే. పిల్లల్ని టీచర్లతో భాగించడం కాదు, ముందు తరగతులు లెక్కపెట్టాలి. కొండబడి మాస్టారికి ఐదు తరగతులు. 23 అనేది తర్వాతి మాట.

లెక్కల_సార్:
పెద్దాయనతో ఒప్పుకుంటాను. కానీ తరగతికి ఒకరు అనగానే హైస్కూల్ వాళ్లను సర్ప్లస్ (అవసరానికి మించి ఉన్నవాళ్లు) అని చూపించి ప్రైమరీకి పంపుతారు. మా దగ్గర ఇప్పటికే ఫిజిక్స్ పాఠం బయాలజీ మేడం చెబుతున్నారు.

రిషివ్యాలీ_అభిమాని:
కొండబడి మాస్టారూ, రెండో పోస్టు వచ్చేదాకా ఒక ఉపాయం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు ఇలాంటి బడుల కోసమే కార్డుల పద్ధతి తయారు చేశారు. తర్వాత తమిళనాడు కూడా దాన్నుంచి నేర్చుకుంది. ఏ పిల్లాడు ఏ మెట్టు మీదున్నాడో ఆ కార్డు వాడే తీసుకుంటాడు. మీరు ఐదు పాఠాలు చెప్పక్కర్లేదు, ఇరుక్కున్నవాడి దగ్గర కూర్చుంటే చాలు. ఇంకోటి, గోడ చుట్టూ నేల దగ్గర నల్లబోర్డు వేయించండి. పెద్ద బోర్డు ఒక్కటే అయితే దాని కోసమే కొట్లాట.

కొండబడి_ఎస్జీటీ:
కార్డులు తయారు చేయాలంటే కనీసం ఒక వేసవి కావాలి. గోడ బోర్డు మాత్రం అయ్యే పనే. వంట అక్క మొగుడు రంగులేస్తాడు, డబ్బా కొనిస్తే కూలి వద్దన్నాడు. నిన్న ఒకటో తరగతి పిల్లల్ని గోడకు నిలబెట్టి చెయ్యి ఎంత ఎత్తు అందుతుందో గీత గీశాను. దాదాపు నాలుగు అడుగులు. పలక పగలగొట్టినవాడే అందరికంటే పొట్టి.