మ్యూనిక్‌కి కొత్త, రేపు సామాను కొనాలి, కాస్త చెప్పండి

కొత్త బిచ్చగాడు:

అందరికీ నమస్కారం. మొన్న బుధవారం మ్యూనిక్‌లో దిగాను. మాది ఏలూరు, ఇక్కడికి మాస్టర్స్ చేయడానికి వచ్చాను. గది దొరికింది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మ కట్టిచ్చిన కందిపొడి, చింతకాయ పచ్చడి మీద మూడు రోజులు లాగించాను. రేపు శనివారం నిద్రపోయి, ఆదివారం తీరిగ్గా సామాను కొనుక్కుందాం అన్నాను. పక్క గది కుర్రాడు నా వైపు జాలిగా చూశాడు. ఆదివారం నిజంగానే ఏమీ దొరకదా? కొట్టుకు వెళ్ళేముందు తెలుసుకోవాల్సినవి ఉంటే చెప్పండి. నాకు వచ్చిన జర్మన్ రెండు ముక్కలు, అందులో ఒకటి 'సారీ'.

ఇసార్ గట్టు అక్క:

తమ్ముడూ, ఆదివారం ఇక్కడ బంద్ రోజున మన బజారు ఎలా ఉంటుందో అలా ఉంటుంది, జెండాలు మాత్రం ఉండవు. మ్యూనిక్ ఉన్న ఈ బవేరియా రాష్ట్రంలో మామూలు రోజుల్లో కూడా రాత్రి 8 అయిందంటే కొట్టు మూసేస్తారు. మరీ గతిలేకపోతే పెద్ద రైల్వే స్టేషన్‌లో కొన్ని కొట్లు ఆదివారం తెరిచి ఉంటాయి. గతిలేనివాళ్ళందరూ అక్కడే ఉంటారు కాబట్టి తోపులాట తప్పదు. నేను వచ్చిన కొత్తలో ఈస్టర్ ముందు గురువారం బద్ధకించాను. శుక్రవారం సెలవు. శనివారం కొట్లు తీశారు కానీ లోపల జాతర, కాలు పెట్టలేక వెనక్కి వచ్చాను. ఆదివారం, సోమవారం మళ్ళీ సెలవు. ఉప్మా ఎన్ని రకాలుగా చేయొచ్చో ఆ నాలుగు రోజుల్లో మా ఆయనకు తెలిసొచ్చింది. కాబట్టి నిద్ర సంగతి ఆదివారం చూసుకో, రేపు పొద్దున్నే బయల్దేరు.

జేబులో ఒక యూరో బిళ్ళ ఉంచుకో. అది దూరిస్తేనే కొట్టులో సామాను వేసుకునే తోపుడు బండి గొలుసు ఊడుతుంది, బండి తెచ్చి మళ్ళీ తగిలిస్తే నీ బిళ్ళ నీకు వస్తుంది. సంచి కూడా ఇంటి నుంచే పట్టుకెళ్ళు. బిల్లు దగ్గర మామూలు ప్లాస్టిక్ సంచులు ఇవ్వడం 2022 నుంచి నిషేధం. కాగితం సంచి అమ్ముతారు గానీ, వాన పడితే అది నీ మూడో అంతస్తు దాకా రాదు.

అసలు పరీక్ష అంతా బిల్లు దగ్గర. ఆల్డీ, లిడ్ల్ లాంటి చవక కొట్లలో బిల్లు వేసేవాళ్ళు కుర్చీలో కూర్చునే పని చేస్తారు. (మన ఊళ్ళో బట్టల కొట్టు పిల్లలు రోజంతా నిలబడటం చూసినదాన్ని, ఈ ఒక్క పద్ధతికి ఇక్కడివాళ్ళకు దణ్ణం పెడతాను.) కూర్చున్నారు కదా నెమ్మదిగా ఉంటారనుకునేవు. వెతుక్కునే పని లేకుండా సరుకు మీద బార్‌కోడ్ రెండు మూడు వైపులా అచ్చేసి ఉంటుంది. ఎటు తిప్పినా బీప్ అంటుంది. పంక్తి భోజనాల్లో సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు ఎలా వెళ్తాడో తెలుసుగా, నువ్వు గుంట చేసుకునేలోపే దాటిపోతాడు. అంతే వేగం. మొదటిసారి నేను అక్కడే నిలబడి టమాటాలు పైన, బంగాళాదుంపలు కింద అని సర్దడం మొదలుపెట్టాను. నా సామానంతా బిల్లై పోగుపడింది, వెనకాల మనిషి పాలప్యాకెట్లు వచ్చి నా టమాటాల్లో కలిశాయి, నేనింకా బంగాళాదుంపల దగ్గరే ఉన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే భరించలేం. అక్కడ సర్దకూడదు. వచ్చింది వచ్చినట్టు బండిలో పడేసుకుని, డబ్బు కట్టి, వెనకాల గోడవారన బల్ల ఉంటుంది, అక్కడికి వెళ్ళి నీ ఇష్టం వచ్చినట్టు పేర్చుకో.

విచిత్రం ఏమిటంటే, అదే వరసలో ఒక పెద్దావిడ చిన్న పర్సు తెరిచి ఒక్కో సెంటు ఏరి పదమూడు యూరోల నలభై ఏడు సెంట్లు లెక్కపెడుతుంటే అందరూ గుళ్ళో నిలబడ్డట్టు నిలబడతారు. చిల్లర లెక్కపెట్టడం ఇక్కడ హక్కు, సర్దుకోవడం నేరం.

ఇంకో మర్యాద ఉంది. నీ సామాను బిల్లు దగ్గర కదిలే బెల్టు మీద పెట్టాక, తర్వాతివాళ్ళ కోసం ఒక కర్ర అడ్డం పెట్టాలి. పొలం గట్టు అనుకో. నేను పెట్టలేదు. వెనకావిడ నా ముఖం చూసి, కర్ర చూసి, మళ్ళీ నా ముఖం చూసి తనే గట్టు వేసుకుంది. అప్పటినుంచి ఇక్కడ నా పేరు 'ఇసార్ గట్టు అక్క' అయింది, ఇసార్ అంటే ఈ ఊరి నది.

డబ్బు కట్టాక 'బోన్?' అని అడుగుతారు. బోన్ అంటే ఎముక అనుకుని కంగారుపడ్డాను. నేను శాకాహారిని అని ఇంగ్లిష్‌లో మొత్తుకున్నాను. బోన్ అంటే బిల్లు కాగితం. 2020 నుంచి ఇక్కడ అది ఇచ్చి తీరాలని చట్టం, బేకరీలో ఒక్క బన్ను కొన్నా కాగితం వస్తుంది. వద్దు అంటే చాలు, అక్కడే పడేస్తారు. ఎముక వద్దన్నా నా జవాబు సరిగ్గానే సరిపోయింది.

ఇక పేర్లు. తెల్లగా, గట్టిగా, డబ్బాలో చవగ్గా కనిపిస్తే పెరుగు అనుకోకు, అది క్వార్క్ అయ్యుండొచ్చు. ఒక రకం మెత్తటి జున్నులాంటిది. దానితో పెరుగన్నం కలిపాను, గోడకు సున్నం కలిపినట్టు వచ్చింది. 'నటూర్‌యోగుర్ట్' అని, కొవ్వు 3,5 శాతం అని ఉన్నది తీసుకో. అది మూడున్నరే, ఇక్కడ చుక్క పెట్టాల్సిన చోట కామా పెడతారు. పొడుగాటి పేరు చివర 'గ్రీస్' అని ఉంటే బండికి రాసేది కాదు, మన రవ్వ. ఒకటిన్నర, రెండు కిలోల ఉప్పు భలే చవకగా ఉందని ఎత్తుకొచ్చేవు, గిన్నెలు తోమే యంత్రం బొమ్మ ఉందేమో చూడు, అది కూరలో వేసే ఉప్పు కాదు. నీళ్ళ సీసా మీద 'క్లాసిక్' అని ఉంటే ముట్టుకోకు. పాతకాలం మంచినీళ్ళు కాబోలు అని మా ఆయన ఆరు సీసాలు తెచ్చాడు. అంతా సోడా.

కరీంనగర్ అన్న:

అక్క అన్నీ మంచిగ చెప్పింది. ఒక్కటి కలుపుతున్నా. సీసాలు పారెయ్యకు తమ్మీ. ఒక్కసారికే వాడే ప్లాస్టిక్ సీసా, రేకు డబ్బా మీద 25 సెంట్లు, బీరు సీసా మీద మామూలుగా 8 సెంట్లు డిపాజిట్ కట్టించుకుంటరు, దాన్ని 'ఫాండ్' అంటరు. అర మీద రాసిన ధరలో అది కలవదు, బిల్లులో కలుస్తది. కొట్టులో ఒక మూలకు మిషన్ ఉంటది, ఒక్కో సీసా లోపలికి తోసి బటన్ నొక్కితే చీటీ వస్తది, అది కౌంటర్ల ఇస్తే పైసలు. నేను మొదట్ల చోటు సరిపోతలేదని నలభై సీసాలు కాళ్ళతోని తొక్కి చదును చేసి తీసుకపోయిన. మిషన్ ఒక్కదాన్ని కూడా తీసుకోలె. లోగో, బార్‌కోడ్ చదవరావాలెనట. పది యూరోలు చెత్తల పోసిన.

కొత్తిమీర పెద్ద కొట్లల్ల కుండీతో సహా అమ్ముతరు. చెట్టు పెంచుకుందామని ఆశ పడకు, ఒక్క చట్నీకే దాని పని అయిపోతది. పెద్ద స్టేషన్ దక్షిణం దిక్కు గోటె వీధి, లాండ్‌వేర్ వీధి కాడ టర్కీ, అరబ్ కొట్లున్నయ్. కట్టలు కట్టలు దొరుకుతది. పచ్చిమిరపకాయ కూడా అక్కడనే కొను, మామూలు కొట్ల పొడుగు మిరపకాయ చూసుటానికే కారం.

బేరం ఎక్కడా ఆడకు. ఆడక ఉండలేనంటే ఏప్రిల్‌ల తెరేజియన్‌వీజే మైదానంల పాతసామాన్ల సంత పడ్తది, ఆ ఒక్క రోజు నీ దూల తీర్చుకో. కార్డు ఉన్నా యాభై యూరోల నోట్లు చిన్నయి చేసి పెట్టుకో, చిన్న బేకరీలల్ల కార్డు తీసుకోరు కొన్ని కాడ. ఇగ ఇంటి నుంచి ఎవరన్న వస్తే నెయ్యి, పాలకోవ, మాంసం పచ్చడి తెమ్మనకు, యూరప్‌ల పాల, మాంసం వస్తువులు సంచిల తేవద్దు. పచ్చి కరివేపాకు కూడా కాగితాలు లేకుంట కుదరదు. కొబ్బరికాయకు మాత్రం అడ్డు లేదు.

ఇసార్ గట్టు అక్క:

కొబ్బరికాయకు అడ్డు లేదని నాకు ఇన్నేళ్ళూ తెలియదు! పోయినసారి మా అత్తగారి సంచిలో నుంచి నేనే తీయించాను. ఈ ముక్క ఆవిడకు తెలియకుండా చూసుకోవాలి.

కొత్త బిచ్చగాడు:

అక్కా, అన్నా, వెళ్ళొచ్చాను. బిళ్ళ పెట్టాను, గట్టు వేశాను, సర్దకుండా బండిలో పడేశాను. బోన్ అడిగితే తల ఊపాను, బిల్లు వేసే ఆవిడ చేతిలో పెట్టింది. క్వార్క్ దరిదాపులకు పోలేదు. రవ్వ తెచ్చాను. అంతా బాగానే జరిగింది అనుకుని ఇంటికొచ్చి బిల్లు చూస్తే లెక్క కంటే యూరోన్నర ఎక్కువ ఉంది, తిరిగి వెళ్ళి అడుగుదామని చెప్పులు కూడా వేసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆరు నీళ్ళ సీసాల మీద ఫాండ్.

ఒకే ఒక్క అనుమానం. నీళ్ళు క్లాసిక్ వద్దన్నారు కదా, నేను 'మీడియం' అని ఉన్నవి తీసుకున్నాను. ఒకటిన్నర లీటర్లవి ఆరు, మూడో అంతస్తుకు మోసేసరికి నడుము పట్టేసింది. వాటితో కందిపప్పు నానబెట్టాను. బుసబుసమని పొంగుతోంది. తినొచ్చా?

ఇసార్ గట్టు అక్క:

మీడియం అంటే సోడాయే, గ్యాసు కొంచెం తక్కువ. పర్వాలేదు, ఉడికేసరికి గ్యాసు పోతుంది, తిను. కానీ నీళ్ళు కొన్నావెందుకు? ఇక్కడ కుళాయి నీళ్ళే తాగుతాం. మాంగ్‌ఫాల్ లోయ నుంచి 1883 నుంచి వస్తున్నాయి, సీసా నీళ్ళ కంటే బాగుంటాయి.

కొత్త బిచ్చగాడు:

ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చు కదా అక్కా.

ఇసార్ గట్టు అక్క:

నువ్వు కొనాల్సినవి అడిగావు. సీసాలు మాత్రం తొక్కకు.