‘మర్మ మీక మనవలె’: కరణం పద్యమూ, సమాచార యుగంలో సర్కారూ

కర్నూలు సభ్యుడు:

కరణముఁ గరణము నమ్మిన
మరణాంతక మౌను గాని మనలేడు సుమీ
కరణము తన సరి కరణము
మరి నమ్మక మర్మ మీక మనవలె సుమతీ

సుమతీ శతకంలోని ఈ కందానికి నేటి కాలంలో అర్థం మిగిలి ఉన్నదా అన్నది నా సందేహం. ఊరి భూమి, శిస్తు లెక్కలు రాసే వంశపారంపర్య కరణీకం 1984లో రద్దయింది. 2015 నుంచి అడంగలూ (సాగు వివరాల పత్రం), 1బీ (భూయజమాని ఖాతా పత్రం) సర్కారు వెబ్‌సైటు ‘మీభూమి’లో ఎవరైనా చూసుకోగలుగుతున్నారు. లెక్కను దాచగలగడమే అధికారమైతే, దాచడానికి ఏమీ మిగలని ఈ రోజుల్లో కరణమే కాదు, అతని వెనుక నిలిచిన పెద్ద సర్కారు కూడా క్రమంగా పలచబడుతుందనీ, ‘మర్మ మీక’ అన్నది నిఘంటువులో మాత్రమే మిగులుతుందనీ నాకు తోస్తున్నది. పెద్దలు వివరించగలరు.

కడప సభ్యుడు:

అయ్యా, ముందు పద్యం సంగతి చూద్దాం. ‘ఈక’ అంటే ‘ఈయక’, ఇవ్వకుండా అని. ‘మను’ అంటే బ్రతుకు. ‘మరణాంతకము’ దగ్గర మాత్రం కొంత చిక్కు ఉన్నది. సంస్కృత మర్యాద పాటిస్తే అది మరణాన్నే అంతం చేసేది అవుతుంది. కవి ఉద్దేశించినది ‘మరణాంతికము’, అంటే చావుతో ముగిసేది. రెండు రూపాలూ గణాలకు సరిపోతాయి కాబట్టి ఛందస్సు ఈ తగవు తీర్చదు. నా వరకు, జనం నోట నిలిచిన పాఠాన్ని దిద్దనవసరం లేదు.

ఇక అసలు విషయం. ఈ పద్యం రైతుకు చెప్పిన నీతి కాదు, కరణానికి చెప్పినది. లెక్క తెలిసినవాడు తనతో సమానంగా లెక్క తెలిసిన మరొకడి దగ్గర గుట్టు విప్పరాదన్న హెచ్చరిక ఇది. కవిలెకట్ట, అంటే ఊరి లెక్కల పుస్తకం, విప్పి చూపినంత మాత్రాన మర్మం చెప్పినట్లు కాదు. బీడని రాసిన ఏ చేను నిజానికి సాగులో ఉన్నదో, ఏ ఇనాము హద్దు ఎప్పుడు పక్కకు జరిగిందో కవిలెలో ఉండదు, కరణం మనసులో ఉంటుంది. ‘మీభూమి’లో మనకు కనబడేది కవిలె మాత్రమే.

పైగా ఆ మర్మం రైతుకు ఎంత అడ్డమో సర్కారుకూ అంతే అడ్డంగా ఉండేది. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన మన జిల్లాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్న థామస్ మన్రో, చేనుచేనుకూ కొలత వేయించి రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించాలని ఎంత పట్టుదలగా పనిచేసినా, ఊళ్లోకి వచ్చేసరికి కరణం లెక్క మీద ఆధారపడక తప్పలేదు. ఆ అడ్డం ఇప్పుడు తొలగింది. లెక్క ఊరు దాటి 1985లో ఏర్పడిన మండలాలకూ, అక్కడి నుంచి కంప్యూటరులోకీ చేరింది. పన్నెండంకెల ఆధార్‌తో మనిషినీ, చేనునూ, బ్యాంకు ఖాతానూ, రేషనునూ ముడివేయడం సాధ్యమయ్యాక, మన్రోకు కలలోనైనా దొరకని చూపు నేడు రాజధానిలో కూర్చున్న అధికారికి దొరికింది. కనుక సమాచార యుగం బలహీనపరచినది నడుమనున్నవాడిని; పెద్ద సర్కారును కాదు.

అనంతపురం సభ్యురాలు:

మాస్టారూ, చిన్నదవడం వేరు, జవాబు చెప్పవలసి రావడం వేరు. మీరు మొదటిదాన్నే చర్చించారు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ మా జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ఆ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యత అప్పగించింది. మస్టరును, అంటే కూలీల హాజరు పట్టీని, నలుగురి ముందు పైకి చదివితే, చనిపోయినవారి పేరనో బెంగళూరుకు వలసపోయినవారి పేరనో కూలి రాశారా అన్నది ఏ కంప్యూటరూ చెప్పకుండానే ఊరివారికి తెలిసిపోతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా ముప్పై రోజుల్లో జవాబివ్వాలని సర్కారుకే గడువు పెట్టింది. ఇవి సర్కారును తగ్గించలేదు, నిజమే. కానీ దాని మర్మాన్ని దాని చేతే చెప్పించాయి.

కడప సభ్యుడు:

అమ్మా, మీరు చూపిన తేడా చాలా అవసరమైనది. అయితే అదే పథకంలో 2023 జనవరి నుంచి పని స్థలాల్లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి మొబైలు యాప్‌లో హాజరు వేయడం తప్పనిసరి చేశారు. సాంకేతికత పెరిగినా నడక తిరగబడింది: గ్రామసభలో చదివిన మస్టరు సర్కారు లెక్కను ఊరికి చూపింది, యాప్ ఊరి లెక్కను సర్కారుకు చూపుతున్నది. ఇది చాలదన్నట్లు, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన 44వ సెక్షన్ ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనప్పుడో, అకారణంగా ఒకరి గోప్యతకు భంగం కలిగేటప్పుడో మాత్రమే వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించవచ్చునన్న పాత షరతులు పోయి, ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటే మిగిలింది. మస్టరులోని పేరూ, పింఛను జాబితాలోని పేరూ వ్యక్తిగతమేనని అధికారి అనగలిగితే, ‘మర్మ మీక’ అన్న క్రియకు కర్త మారిందే తప్ప, కర్నూలు మిత్రులు అనుకున్నట్లు ఆ క్రియకు కాలం చెల్లలేదు.

ఎవరికైనా ఆ కారణంతో నిరాకరణ వస్తే, అప్పీలులో సమాచార హక్కు చట్టంలోని 8(2)ను తప్పక పేర్కొనండి. వెల్లడి వల్ల కలిగే హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చునన్న ఆ వాక్యాన్ని మాత్రం ఇంకా తొలగించలేదు.