రసాయనాల గదిని క్రేనుతో దించాలి, అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరా?

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం దగ్గర మా చిన్న పరిశ్రమకు, మండే ద్రావకాలు నిల్వ చేసే ఉక్కు గది పూర్తిగా తయారై వచ్చే వారం ట్రెయిలర్ మీద వస్తోంది. బరువు 9 టన్నులు. ఒలికిన రసాయనం బయటికి పోకుండా పట్టే తొట్టి కూడా దాని అడుగునే ఉంది.

అద్దెకిచ్చేవారు 50 టన్నుల క్రేను చాలంటున్నారు. కానీ క్రేను నిలిచే చోటికీ పునాది మధ్యకూ 14 మీటర్ల దూరం. దూరం పెరిగేకొద్దీ ఎత్తగలిగే బరువు బాగా తగ్గిపోతుంది కదా! ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తగలదో చూపే పట్టిక, అంటే లోడ్ చార్టు, చూపమంటే రేపు, రేపు అంటున్నారు.

నా అసలు భయం నేల గురించి. క్రేను కాళ్లలో ఒకటి ఆనే మూల నిరుడు మట్టి పోసి చదును చేసినది. నిన్నటి వానకు అక్కడ నా చెప్పు మడమ వేలెడు లోతు దిగింది. ఉక్కు పలకలు పరిస్తే సరిపోతుందా, కింద దుంగలు కూడా పేర్చాలా? లేక మట్టి తవ్వి కంకర వేసి దిమ్మిస కొట్టించాలా?

ఇంకొకటి. గది పైకప్పు మూలల్లో నాలుగు కొక్కేలున్నాయి. ఇనుప తాళ్లు మరీ ఏటవాలుగా ఉంటే పైకప్పు లోపలికి నొక్కుకుపోతుందని విన్నాను. తాళ్లకూ పైకప్పుకూ మధ్య 60 డిగ్రీల కోణం ఉంటే చాలా, తాళ్లను నిటారుగా దించే అడ్డదూలం తప్పనిసరా?

ఆ రోజు పదకొండు మంది మా పనివాళ్లు అక్కడే ఉంటారు. ఇలాంటి పని స్వయంగా చేయించినవారు దయచేసి చెప్పండి. చార్టు చేతికి వచ్చేవరకు పని ఆపమనడానికి నేను సిద్ధమే.