నాన్నకు పాత సీడీ ప్లేయరే కమ్మగా ఉందట, నా కొత్త డ్యాక్ సంగతేంటి?

ఉదయసముద్రం (నల్లగొండ)
అన్నలూ, మా ఇంటి పంచాయితీ తీర్చండి. పోయిన నెల 18 వేలు పెట్టి డ్యాక్ (ఫోన్‌లోని డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పోయే మామూలు సిగ్నల్‌గా మార్చే డబ్బా) కొన్నా. ఫోన్ నుంచి యూఎస్‌బీతో దానికి, అక్కడి నుంచి యాంప్లిఫయర్‌కు. నాన్న దగ్గరేమో మా మామ 1990ల్లో సౌదీ నుంచి తెచ్చిన ఫిలిప్స్ సీడీ ప్లేయర్ ఉంది. దాని ట్రే ఒక్కోసారి బయటికి రాదు, పెన్ను పెట్టి లాగాలి. ఆదివారం రెండూ పక్కపక్కన పెట్టి ఒకే పాట వినిపించా. నాన్న, పక్కింటి సారు, ఆఖరికి మా చెల్లి కూడా పాతదే కమ్మగా ఉందన్నారు. నాకు మాత్రం కొత్తదే బాగుంది. ఎందుకిట్ల? ఇంకోటి, ఎండాకాలం మా వీధిలో కరెంటు 180కి పడిపోతది, డ్యాక్‌కు స్టెబిలైజర్ కావాలా? 3 మీటర్ల ఆర్‌సీఏ కేబుల్ వేస్తే ఏమన్నా తేడా వస్తదా?

గద్వాల_కోట
మీ నాన్నగారి చెవులకు దండం. ఆ ఫిలిప్స్‌లో టీడీఏ1541 చిప్ ఉండి ఉంటది. అసలైన మల్టీబిట్, అంటే పాటలోని ఒక్కో అంకెను బిట్లన్నీ కలిపి ఒకేసారి మార్చే రకం. కొద్ది బిట్లతోనే అతి వేగంగా మార్చే ఇప్పటి డెల్టా సిగ్మా చిప్‌లన్నీ ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగన్నం. అన్నీ ఉంటాయి, నోట్లో పెట్టుకుంటే జిల్లుమంటది. నేను ఆరేళ్లు తిరిగి, లక్ష పైన తగలేసి, చివరికి ఆర్2ఆర్ డ్యాక్ (రెసిస్టర్లు నిచ్చెనలా పేర్చి చేసిన మల్టీబిట్) దగ్గర ఆగా. ఫిల్టర్ లేదు, ఓవర్‌శాంప్లింగ్ (మధ్యలో అదనపు అంకెలు లెక్కేసి చేర్చడం) లేదు. గొంతు మనిషి గొంతులా ఉంటది.

మిర్యాల_మిల్లు
నా కథ వినండి. 45 వేల డ్యాక్ తెచ్చి మా ఆవిడకు గంటసేపు గొప్పలు చెప్పా. ఆమె అంతా విని, "మీరు గోడవైపు తిరిగి కూర్చోండి, నేను కేబుల్ మారుస్తా, ఏది ఏదో చెప్పండి" అంది. పదిసార్లు మార్చింది. ఐదు కరెక్టు. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తది. ఆ 45 వేలల్లో సగం ఆమె గాజులకు పోయేదని ఇప్పటికీ సంక్రాంతికొకసారి గుర్తు చేస్తది. పైగా మిల్లులో 20 ఏళ్లు ఆ మోతలో ఉన్న చెవులు నావి, నన్ను నేనే నమ్మను.

గడియారం_రిపేర్
35 ఏళ్ల నుంచి చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నా. డయానోరా టీవీల కాలం నుంచి. ఇక్కడ ఎవరూ అడగని మాట అడుగుతా: తమ్ముడూ, రెండింటి సౌండ్ సమం చేశావా? సీడీ ప్లేయర్ లైన్ అవుట్ మామూలుగా 2 వోల్టులు. కొన్ని డ్యాక్‌లు 2.5 ఇస్తాయి, అంటే దాదాపు 2 డెసిబెళ్లు ఎక్కువ. అంత తేడాను చెవి 'గట్టిగా ఉంది' అనుకోదు, 'బాగుంది' అనుకుంటది. నీ దగ్గర ఫోన్ వాల్యూమ్ ఫుల్ పెట్టకపోతే పాతదే గట్టిగా మోగి ఉంటది. టెస్ట్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో చూడు.

గద్వాల_కోట
రిపేర్ అన్నా, టోన్ అంటే 1000 హెర్ట్జే కదా. మీ 300 రూపాయల మీటర్ ఏసీ వోల్టేజీని 50 హెర్ట్జ్ దగ్గరే సరిగ్గా చూపిస్తది. 1000 దగ్గర అబద్ధం చెప్తది.

గడియారం_రిపేర్
చెప్పనీ. రెండింటికీ ఒకే అబద్ధం చెప్తది కదా. తక్కెడ తప్పుదే అయినా రెండు సంచులు సమానమా కాదా చూడొచ్చు. అంత అనుమానముంటే 50 హెర్ట్జ్ టోన్ పెట్టుకో.

గద్వాల_కోట
పాటను తక్కెడలో తూచే మనిషికి ఏం చెప్పాలి. నేను ఆరేళ్లుగా వింటున్నా, కొలవడం లేదు.

గడియారం_రిపేర్
లక్ష పెట్టి వింటున్నావు, 300 పెట్టి కొలవలేవా? ఇంకో మాట. 1990ల ప్లేయర్ అంటున్నాడు. ఫిలిప్స్ వాళ్లు 1980ల చివర్లోనే బిట్‌స్ట్రీమ్‌కు మారడం మొదలుపెట్టారు. అది 1 బిట్, నువ్వు తిట్టే డెల్టా సిగ్మాకు పెద్దన్న. మూత తీయకుండా లోపల 1541 ఉందని ఎట్ల చెప్పినవ్?

గద్వాల_కోట
"ఉండి ఉంటది" అన్నా. తెలుగు చదవడం రాదా?

మిర్యాల_మిల్లు
మీ ఇద్దరికీ మా ఆవిడను పంపాలె.

పిల్లలమర్రి_ఊడ (మహబూబ్‌నగర్)
లొల్లి ఆపండి. కమ్మదనానికి కొంత లెక్క ఉంది. ఫిల్టర్, ఓవర్‌శాంప్లింగ్ లేని డ్యాక్‌లో సీడీ వేస్తే 20 వేల హెర్ట్జ్ దగ్గర సౌండ్ 3 డెసిబెళ్ల పైన పడిపోతది. సీడీలో సౌండ్‌ను సెకనుకు 44,100 సార్లు కొలిచి పెడతారు, ఆ 44.1 కిలోహెర్ట్జ్‌కు అది తప్పదు. అంటే తాళాల మొన కొద్దిగా మొద్దుబారుతది. కొందరికి అదే కమ్మదనం, కొందరికి దుప్పటి కప్పినట్టు. అయినా 60 దాటినోళ్లలో చాలామందికి 12 వేల పైన ఎటూ వినపడదు. గద్వాల అన్న తప్పేం వినడం లేదు, ఆ పడిపోవడాన్నే ఇష్టపడుతున్నాడు.

అచ్చంపేట_అడవి
నాకు అసలు సౌండంటే ఏందో తెలుసు కాబట్టి చెప్తున్నా. మా దగ్గర జాతరలో 12 మెట్ల కిన్నెర రికార్డ్ చేశా, వాయించే తాతకు మూడడుగుల దూరంలో కూర్చుని. తీగ మీటగానే ముందు ఒక గరుకు చప్పుడు, తర్వాతే సొరకాయ బుర్రల్లోంచి గుమ్మని నాదం. ఆ గరుకు నా 6 వేల డ్యాక్‌లో ఉంది. ఒక స్నేహితుడి ట్యూబ్ డ్యాక్‌లో పోయింది. అతను కళ్లు మూసుకుని "అబ్బ, ఎంత మ్యూజికల్" అన్నాడు. ఆ తాత వింటే కొట్టేవాడు.

గద్వాల_కోట
నీ రికార్డర్ మైకే గరుకేమో.

అచ్చంపేట_అడవి
నేను అక్కడే కూర్చున్నా అన్నా. మైకు కాదు, చెవి.

దేవరకొండ_రాయి
స్టెబిలైజర్ సంగతి ఎవరూ చెప్పలేదు. అడాప్టర్ మీద 100-240 అని ఉంటే డ్యాక్‌కు అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్‌కు చూసుకో. నా బాధ వేరే. డ్యాక్ డబ్బా ముట్టుకుంటే చేయి జివ్వుమంటది, స్పీకర్లలో బుయ్‌మని మోత. మాది అంతా రాతినేల, ఎర్తింగ్ గుంత మే నెలలో ఎండిపోతది. ఉప్పు, బొగ్గు మళ్లీ వేయించి నాలుగు బకెట్ల నీళ్లు పోశా. జివ్వుమనడం తగ్గింది, మోత పోలేదు.

గడియారం_రిపేర్
మోత గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌లు కేబుల్ ద్వారా కలిసి చుట్టు తిరగడం. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు.

దేవరకొండ_రాయి
పీకా. పోయింది! రెండేళ్లు ఎర్తింగ్‌ను తిట్టుకున్నా.

పిల్లలమర్రి_ఊడ
ఇంకోటి మరిచిపోయా. సీడీలో ఉన్న పాట, యాప్‌లో ఉన్న పాట ఒకే మాస్టర్ (కాపీలన్నీ తీసే తుది రికార్డింగ్) కాకపోవచ్చు. పాత పాటలను రీమాస్టర్ అని నొక్కి నొక్కి గట్టిగా చేస్తారు. అప్పుడు మీరు పోల్చేది డ్యాక్‌లను కాదు. ఆ సీడీనే రిప్ చేసి (కంప్యూటర్‌లో ఫైల్‌గా కాపీ చేసి) ఫోన్‌లో వేసుకో తమ్ముడూ.

ఉదయసముద్రం
రిపేర్ అన్న చెప్పినట్టే చేశా. ఫోన్ వాల్యూమ్ 70 దగ్గర ఉండె. మీటర్‌లో పాతది 1.1, కొత్తది 0.8 చూపించింది. ఫుల్ పెట్టి సమం చేసి, సీడీని రిప్ చేసి మళ్లీ వినిపించా. చెల్లికి రెండూ ఒకటే అట. పక్కింటి సారు ఈసారి కొత్తదన్నాడు. నాన్న మాత్రం పాతదే. ఎందుకని అడిగితే, "దాంట్ల పాట మధ్యల ఫోన్ మోగది" అన్నాడు.

మిర్యాల_మిల్లు
పెద్దాయనదే రైట్.

గద్వాల_కోట
చూశారా, చెవి చెవే. మూత తీసి చిప్ ఫొటో పెట్టు, 1541 అయితే నేనే కొంటా.

గడియారం_రిపేర్
కాకపోతే?

ఉదయసముద్రం
అన్నా, ముందు ట్రే బెల్టు సంగతి చెప్పండి. లోపల జారిపోతున్నట్టుంది. ఎక్కడ దొరుకుతది?

గడియారం_రిపేర్
కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతది. పాతది పారేయకు, కొలతకు కావాలి. నేను శనివారం హైదరాబాద్ పోతున్నా, తెచ్చిపెడతా. మూత తీసినప్పుడు చిప్ నంబర్ కూడా చూస్తా.

మిర్యాల_మిల్లు
గద్వాల అన్నా, ఉన్నావా?