బీటెక్, ఎంబీఏ కలిపి ఐదేళ్ల కోర్సు: చేరనా, వద్దా?

పాలకొల్లు_పిల్ల
అందరికీ నమస్కారమండి. ఇంటర్ ఎంపీసీ అయింది. ఈఏపీసెట్ ర్యాంకు గొప్పగా చెప్పుకునేదీ కాదు, దాచుకునేదీ కాదు. వెబ్ ఆప్షన్లకి ఇంకా వారం ఉంది. ఈలోపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఇంటికొచ్చి, మెకానికల్ బీటెక్, ఎంబీఏ కలిపి ఐదేళ్లలో అయిపోతాయి, విడిగా చదివితే ఆరేళ్లు, ఒక ఏడాది కలిసొస్తుంది అని చెప్పి వెళ్లారు. నాన్నకి చిన్న రైస్ మిల్లు ఉంది. నూక ఎందుకు పెరుగుతోందో, బ్యాంకు వడ్డీకి ఎంత పోతోందో, రెండూ ఆయనకి తలనొప్పే. నాకు రెండూ ఇష్టమే. మూడు సంగతులు చెప్పండి. కలిపి చదివితే రెండూ అరకొరగా వస్తాయా? మధ్యలో మానేస్తే బీటెక్ పట్టా ఇస్తారా? అమ్మాయిలకి హాస్టల్ ఎక్కడ బాగుంటుంది?

భీమవరం_బ్యాక్‌లాగ్
చెల్లీ, ఆ ఐదేళ్ల కోర్సులో చేరినవాణ్ని నేను. థర్మోడైనమిక్స్ ఇంటర్నల్, అకౌంట్స్ ఇంటర్నల్ ఒకే వారంలో పెట్టేవారు. రెండూ పోయాయి. కలిసొస్తుందన్న ఏడాది నాకు సప్లీలకే సరిపోయింది. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీ ఆయన నా రెజ్యూమే చూసి "నువ్వు ఇంజనీరువా, మేనేజరువా?" అని అడిగాడు. రెండూ సార్ అన్నాను. ఇచ్చిన జీతం మాత్రం మామూలు బీటెక్ ఫ్రెషర్‌దే. నాలుగేళ్లకి బయటికొస్తే పట్టా ఇస్తారా అంటే నోటిమాటగా "ఎందుకివ్వం" అన్నారు. రూల్స్ పుస్తకంలో ఆ లైను ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేదు. డబ్బు కట్టకముందే ఆ పేజీ ఫొటో తీసుకో.

క్యాట్_గురు_రాజమండ్రి
ఐఐఎంలలో ఎంబీఏకి రాసే ఎంట్రన్స్ క్యాట్‌కి పదకొండేళ్లుగా కోచింగ్ ఇస్తున్నాను కాబట్టి ఖచ్చితంగా చెబుతాను. ఈ కలిపిన కోర్సులన్నీ తొందరపాటే. క్యాట్ ఏటా నవంబర్‌లో ఉంటుంది, బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయొచ్చు. విశాఖలోనే 2015 నుంచి ఐఐఎం ఉంది. ఇంటర్ నుంచే మేనేజ్‌మెంట్ కావాలనుకుంటే ఐఐఎం ఇండోర్ 2011 నుంచి ఐదేళ్ల కోర్సు నడుపుతోంది, దానికి ఎంట్రన్స్ వేరు. అందులో బీటెక్ ఉండదు, అది గుర్తుంచుకో. నా దగ్గర చదివినవాళ్లని అడిగితే...

భీమవరం_బ్యాక్‌లాగ్
గురువుగారూ, మొదలెట్టారా మళ్లీ. ఆ పిల్ల అడిగింది హాస్టల్ గురించి కూడా.

లంక_కుర్రోడు
ఇంత గొడవెందుకు. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేసుకోవచ్చంది కదా. బీటెక్ కాలేజీకి వెళ్తూ, ఆన్‌లైన్లో ఎంబీఏ చేసెయ్. ఖర్చు తక్కువ.

క్యాట్_గురు_రాజమండ్రి
ఎంబీఏలో చేరాలంటే ముందు డిగ్రీ చేతిలో ఉండాలి బాబూ. ఇంటర్ పాసై ఎంబీఏలో ఎలా చేరతావు? కావాలంటే బీబీఏ చెయ్యొచ్చు. తెలియకపోతే ఊరుకోవాలి.

లంక_కుర్రోడు
సరే పొరపాటైంది. దానికి అంత అరుపెందుకండి.

కాకినాడ_పాతబ్యాచ్
మా కాలేజీ 1946లో పుట్టింది, జేఎన్‌టీయూ కాకినాడ పేరుతో సొంత యూనివర్సిటీ అయింది 2008లో. మా రోజుల్లో మెకానికల్ వాడు మెకానికలే. ఇప్పుడు మైనర్ అని ఒకటి వచ్చింది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. బీటెక్‌కి 160 క్రెడిట్లు అనుకుంటే, పైన ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు వేరే సబ్జెక్టులో చేస్తే సర్టిఫికెట్‌లో మైనర్ అని వేస్తారు. అదే నాలుగేళ్లలో అయిపోతుంది. మేనేజ్‌మెంట్ మైనర్ అన్ని కాలేజీల్లో ఉండదు, ఉన్నచోట కూడా బ్యాక్‌లాగులు లేకుండా మంచి మార్కులుంటేనే ఇస్తారు. ఆప్షన్లు పెట్టేముందు కాలేజీ సిలబస్ తెరిచి చూసుకోమ్మా.

మిల్లు_బాబాయ్
చదువు సంగతి వాళ్లు చూసుకుంటారుగానీ, నూక సంగతి నేను చెబుతానమ్మా. ముప్పై ఏళ్లు మిల్లు నడిపాను, ఆయ్. దాళ్వా, అంటే రబీ ధాన్యం ఏప్రిల్ ఎండకి గబగబా ఆరిపోయి గింజ లోపలే పగులుతుంది. దాన్ని పచ్చిగా ఆడితే నూక కాక ఏమొస్తుంది? అందుకే దాళ్వాలో బొండాలు రకం వరి వేసి, ధాన్యం ఉడికించి ఉప్పుడు బియ్యం పట్టి కేరళ పంపేది. ఉడికిస్తే ఆ పగులు అతుక్కుంటుంది. మీ నాన్న ఏం ఆడుతున్నాడో, పొట్టు తీసే రబ్బర్ రోల్స్ ఎన్నాళ్లకి మారుస్తున్నాడో కనుక్కో. దీనికి ఎంబీఏ ఎందుకు?

గట్టుమీద_రైతు
బాబాయ్‌గారూ, గింజ పగిలితే నూక మీకు. తరుగు మాత్రం మాకా? మొన్న దాళ్వాలో రైతు సేవా కేంద్రంలో తేమ 17 చూపించింది, మిల్లు దగ్గర మీటరు 19 అంది. బస్తాకి మూడు కిలోలు కోశారు. రెండు రాత్రులు రోడ్డు మీద బరకాలు కప్పుకుని కాపలా పడుకున్నవాడికి తెలుస్తుంది ఆ మూడు కిలోలంటే ఏమిటో.

మిల్లు_బాబాయ్
అందరు మిల్లర్లనీ ఒకే గాట కట్టకండి. ప్రభుత్వానికి క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి, ఉప్పుడైతే 68. దాళ్వాలో అంత దిగుబడి రాకపోతే ఎవడి జేబులోంచి ఇస్తాం?

గట్టుమీద_రైతు
మా జేబులోంచి ఇస్తున్నారు కదా, ఇప్పుడే ఒప్పుకున్నారు.

మిల్లు_బాబాయ్
మాట తిన్నగా రానివ్వండి. నేను ఒక్క గింజ అన్యాయంగా తిన్నవాణ్ని కాదు.

గూడెం_నిట్
నేను తాడేపల్లిగూడెం నిట్‌లో మెకానికల్ థర్డ్ ఇయర్. గొడవ పడకుండా లెక్క చూడండి. 75 కిలోల బస్తాలో 19 శాతం తేమ ఉంటే పొడి సరుకు 60.75 కిలోలు. అదే పొడి సరుకు 17 శాతం తేమ దగ్గర 73.2 కిలోలు తూగుతుంది. అంటే మిల్లు మీటరే నిజమనుకున్నా, పోయేది కిలో ఎనిమిది వందల గ్రాములు. మూడు కిలోలు కాదు.

గట్టుమీద_రైతు
తమ్ముడూ, ఈ లెక్క పెద్ద కాగితం మీద రాసి మా ఊరి మిల్లు గోడకి అంటించు.

మిల్లు_బాబాయ్
తాలు, మట్టి, రవాణాలో పోయేది? అవి నీ సిలబస్‌లో ఉండవు బాబూ. ఆరబెట్టడానికి బాయిలర్‌లో ఊక కూడా ఊరికే కాలదు.

గూడెం_నిట్
అవి వేరే వేరుగా రాయండి సార్. అన్నీ కలిపి తేమ అని పిలిస్తేనే గొడవ.

రాజోలు_ఆడపడుచు
ఎవరూ అడగలేదుగానీ, మిల్లు ఎలాగూ తమ్ముడికే పోతుంది కదా, ఈ పిల్ల అంత కష్టపడి రెండు చదువులు చదవడం దేనికి? బీటెక్ చేసి ఉద్యోగం చూసుకుంటే పోలే.

పాలకొల్లు_పిల్ల
నాకు తమ్ముడు లేడండి. ఉన్నా ఇదే అడిగేదాన్ని.

రాజోలు_ఆడపడుచు
కోపం తెచ్చుకోకమ్మా. మా ఇంట్లో జరిగింది చెప్పాను. మా నాన్న కొబ్బరి వ్యాపారం లెక్కలన్నీ నేను రాశాను, చివరికి సంతకం అన్నయ్యది.

హైదరాబాద్_ఆఫీసు
నాది ఆత్రేయపురం దగ్గర. బీటెక్ అయ్యాక నాలుగేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి అప్పుడు ఎంబీఏకి వెళ్లాను. అప్పు తీర్చడానికి చాలా ఏళ్లు పట్టింది, ఆ మాట ముందే చెబుతున్నా. కానీ క్లాసులో వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారంలో తిరిగే డబ్బు అని చెబుతుంటే నాకు స్టోర్‌లో మూలుగుతున్న బేరింగుల పెట్టెలు కళ్లముందు కనిపించేవి. పక్కన కూర్చున్న ఇరవై ఒక్కేళ్ల కుర్రాడికి అది ఒక ఫార్ములా. నీకు మిల్లు ఉంది కాబట్టి నువ్వు ఆ కుర్రాడిలా ఉండవు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ధాన్యానికి డబ్బు ఏ రోజు కట్టారు, బియ్యం డబ్బు ఏ రోజు వచ్చింది, ఆ రెండు తేదీలు నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టు. మీ నాన్నకి వడ్డీ ఎక్కడ పోతోందో అందులోనే తెలుస్తుంది.

క్యాట్_గురు_రాజమండ్రి
అనుభవం తర్వాతే ఎంబీఏ అని నేను మొదటి నుంచీ చెబుతున్నదే.

భీమవరం_బ్యాక్‌లాగ్
మీరు చెప్పింది క్యాట్ నవంబర్‌లో ఉంటుందని.

పాలకొల్లు_పిల్ల
అందరికీ థాంక్స్ అండి. యూనివర్సిటీ వాళ్లకి ఫోన్ చేసి, నాలుగేళ్లకి ఆపేస్తే పట్టా ఇస్తామని రూల్స్‌లో ఎక్కడుందో పేజీ పంపమన్నాను. "మేడమ్, ముందు సీటు బ్లాక్ చేసుకోండి" అన్నారు. పేజీ రాలేదు. మేనేజ్‌మెంట్ మైనర్ ఉన్న కాలేజీలు వెతికి మెకానికల్‌కి ఆప్షన్లు పెడుతున్నాను. ఎంబీఏ సంగతి తర్వాత. నిట్ అన్నయ్య లెక్క రాత్రి నాన్నకి చూపించాను. చాలాసేపు చూశారు. మనం ఎంత తీస్తున్నాం నాన్నా అంటే ఏమీ చెప్పలేదు. పొద్దున్న లేచేసరికి తేమ మీటరు బల్ల మీద పెట్టి బ్యాటరీ మారుస్తున్నారు. హాస్టల్ సంగతి మాత్రం ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదు.

మిల్లు_బాబాయ్
బ్యాటరీ ఒక్కటే మారిస్తే చాలదమ్మా, ఏటా క్యాలిబ్రేషన్ చేయించమను.

గట్టుమీద_రైతు
మీ మిల్లు ఏ ఊళ్లో అమ్మా? ఈసారి సార్వా (ఖరీఫ్) ధాన్యం అటు తోలుకొస్తాను.